జెద్దాలో ఏ బడి?

మా తాతల్లో బడి మొహం చూసింది కొద్దిమందే. చూసినవాళ్లకు బడంటే ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా కూడా ఉర్దూలోనే పాఠం చెప్పింది. 1948 తర్వాత బడి భాష మారింది. త్రిపురారంలో, మిర్యాలగూడలో మేం తెలుగు మీడియం పిల్లలమయ్యాం. ఇంట్లో తురకం, పలక మీద తెలుగు.

1973లో చమురు ధర పెరిగాక మావాళ్లు గల్ఫ్ దారి పట్టారు. కూలికెళ్లినవాడికి ఫ్యామిలీ వీసా ఎక్కడిది? వాడి పిల్లలు నానమ్మ దగ్గరే, ఊరి బడిలోనే. కాస్త జీతమున్నవాళ్లు భార్యాపిల్లల్ని జెద్దా తీసుకెళ్లారు. అక్కడి సర్కారు బడిలో పాఠం అరబ్బీ. ఖురాను చదివే పిల్లకు అరబ్బీలో లెక్కలొస్తాయా? అందుకే 1969లో పెట్టిన ఇండియన్ స్కూలు వెతుక్కున్నారు. ఇఖామా తీరితే తిరిగి రావలసింది ఇక్కడికే కదా! ఇక్కడ మమ్మల్ని అరబ్బు దేశం పొమ్మంటారు. అక్కడ అరబ్బులు మమ్మల్ని 'హిందీ' అని పిలుస్తారు.

సెలవుల్లో వచ్చిన మా పిల్లలు మిర్యాలగూడ బస్టాండులో తెలుగు బోర్డు చదవలేక మా మొహంలోకి చూస్తారు.