మెదకు దేవాలయము

మెదకునకు పూర్వము మెతుకుదుర్గమని పేరుండెడిదని పెద్దలు చెప్పుదురు. అన్నపు మెతుకు పేరు దాల్చిన యూరిలో, అన్నము కరవైన దినములందు, ఒక గొప్ప క్రైస్తవ దేవాలయము లేచినది. దానిని గూర్చి నేడు మీతో రెండు మాటలు చెప్పబోవుచున్నాను.

ఇంగ్లండు వెస్లియను మెథడిస్టు సంఘమువారగు చార్లెస్ వాకర్ పాస్నెట్టుగారు 1895లో సికింద్రాబాదు చేరి, పిమ్మట మెదకున స్థిరపడిరి. దేవాలయపు పని 1914లో మొదలయ్యెను. ఆ యేడే ఐరోపాలో మహాయుద్ధము రగులుకొనెను. 1918లో వానలు తప్పినవి. ఇన్‌ఫ్లుయెంజా జ్వరము దేశమెల్ల వ్యాపించెను. మెదకు సీమ చెఱువుల సీమ. చెఱువు నిండని యేడు వరిమడి లేదు, కూలి లేదు, గాదెలో గింజ లేదు. అట్టి కాలమున పాస్నెట్టుగారు పనికి వచ్చినవారికి కూలిగా ధాన్యము కొలిచి యిచ్చి కట్టడము సాగించిరని ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు.

ధాన్యము ఊరకయే పంచరాదా, గుడి యేల యని యడుగువారు కలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మెతుకు పెట్టు చేతిని ఆకలిగొన్నవాడు కాదనలేడు. కావున ఆ కూలివారందఱు భక్తిచేతనే ఱాళ్లు మోసిరని నేననను, గంజికొఱకును మోసిరి. అయినను ఇంతకంటె కఠినమైన ప్రశ్న యొకటి యున్నది. వాన కురిపింపగల దేవుడు ఏల కురిపింపలేదు?

క్రైస్తవుల గ్రంథములో యోబు అను నతని కథ కలదు. బిడ్డలను, సొత్తును, ఆరోగ్యమును కోల్పోయి, బూడిదలో గూర్చుండి అతడు కారణ మడిగెను. మిత్రులు వచ్చి, ఇది నీ పాపఫలమని తేల్చిరి. మన యూళ్లలో ‘వాని కర్మ’మని చేయి విదిల్చుట వంటిదే యిది. తుదకు దేవుడు సుడిగాలిలోనుండి పలికెను గాని కారణము చెప్పలేదు. సృష్టికి పునాది పడిన నాటి సంగతులను గూర్చి యోబునే తిరుగ ప్రశ్నించెను. అంతకంటె వింత, కారణము తెలిసినదన్న మిత్రులమీదనే ఆగ్రహించెను! కరవునకు కారణము వివరించు బోధకుని కంటె, మాటాడక మానికతో గింజలు కొలుచువాడే ఆ దేవునికి దగ్గఱగా నుండునని నాకు తోచుచున్నది.

దేవాలయమును 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిరి. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురము 175. అయిదువేలమంది పట్టుదురందురు. 1947లో దక్షిణ ఇండియా సంఘ మేర్పడగా ఇది మెదకు అధ్యక్ష మండలమునకు ప్రధానాలయమైనది.

నన్ను మిక్కిలి నిలిపినవి రంగుటద్దముల కిటికీలు. ఫ్రాంక్ సాలిస్‌బరీ యను చిత్రకారుడు వానికి రూపము కల్పించెను. యేసు ఆరోహణము 1927లోను, జననము 1947లోను, సిలువ 1958లోను అమర్చబడినవి. మహిమ మొదట, సిలువ కడపట! ఆ సిలువమీద యేసును ‘ఏల’ యనియే యడిగెనని సువార్తలు చెప్పుచున్నవి. బదులు వినవచ్చినట్లు మాత్రము వ్రాయలేదు.

ప్రొద్దు గ్రుంకినచో లోపలివారికి ఆ బొమ్మలు కానరావు. అద్దము నల్లగా నుండును. చూడగోరువారు పగటివేళనే పోవలెను.