ఓమ్ కొలత కథ, మా బోరు మోటారు కథ

మా ఊరు బాగలూరు. మా చిన్నాయన ఇక్కడే మోటార్లకు వైండింగ్ కడతాడు. సెలవుల్లో నేను కూడా షాపుకు పోతాను. తీగ అందించడం, బోల్టులు విప్పడం, మీటరు చూసి చెప్పడం నా పని.

పోయిన జనవరిలో మా సొంత బోరు మోటారే కాలిపోయి షాపుకు వచ్చింది. కొత్తగా వైండింగ్ కట్టినాక చిన్నాయన ఇన్సులేషన్ చూసే మీటరు తీసి, ప్రోబులు రెండూ ఒత్తి పట్టుకున్నాడు. ఆయన కళ్ళు మోటారు మీద ఉన్నాయి.

"ఎంత చూపిస్తా ఉందిరా?" అన్నాడు.

"మూడు వందల యాభై" అన్నాను.

"మెగానా?"

"ఊ" అన్నాను.

మరుసటి రోజు మోటారును తొమ్మిది వందల అడుగుల లోతుకు దింపినాము. నాలుగో రోజు అది మళ్ళీ కాలిపోయింది. "నా వైండింగ్‌లోనే తప్పుండాది" అని చిన్నాయన మోటారు పైకి తీయించే ఖర్చు, కొత్త తీగ ఖర్చు అంతా తానే పెట్టుకున్నాడు. ఈలోగా నాయన వేసిన రోజా తోటకు నీళ్ళు లేవు. ఫిబ్రవరిలో రోజాకు మంచి ధర వస్తుంది. ఆ మొగ్గలే రాలిపోయినాయి.

తర్వాత బడిలో విద్యుత్తు పాఠం వచ్చింది. కిలోఓమ్ అంటే వెయ్యి ఓమ్‌లు, మెగాఓమ్ అంటే పది లక్షల ఓమ్‌లు అని సార్ బోర్డు మీద రాశారు. నా గుండె ఝల్లుమంది. ఆ రోజు మీటరులో అంకె పక్కన నేను చూసిన చిన్న అక్షరం మెగాది కాదు, కిలోది. 350 కిలోఓమ్‌లను మెగాఓమ్‌లలోకి మార్చాలంటే వెయ్యితో భాగించాలి. 0.35 వస్తుంది. ఒక మెగాఓమ్ కూడా లేని మోటారును చిన్నాయన ఎప్పుడూ బోరులోకి దింపడు. నేను చెప్పిన "ఊ" వల్ల, ఉన్నదాని కంటే వెయ్యి రెట్లు మంచిదని నమ్మి దింపినాడు.

చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు అందుకే ఈ ఓమ్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలనిపించింది.

బడిపంతులు పేరు

గేయోర్గ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. ఓమ్ కొలోన్ నగరంలో బడిపంతులుగా పనిచేస్తూ ప్రయోగాలు చేసి, 1827లో తన నియమాన్ని పుస్తకంగా వేశాడు. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేదే నిరోధం. సొంత దేశంలో మొదట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. 1854లో ఆయన చనిపోయాడు. అప్పటికి నిరోధానికి అందరూ ఒప్పుకున్న కొలతే లేదు.

ఎవరి కొలత వారిది

నిరోధాన్ని కొలవాల్సిన అవసరం ఎక్కువగా టెలిగ్రాఫ్ వాళ్ళకు వచ్చింది. ఇంగ్లండులో ఒక మైలు రాగి తీగ, ఫ్రాన్సులో ఒక కిలోమీటరు ఇనుప తీగ, ఇలా ఎవరి తీగ వారికి కొలత. 1848లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని యాకోబి ఒక రాగి తీగను ప్రమాణంగా పెట్టుకొని, దాని నకళ్ళను వేరే శాస్త్రవేత్తలకు పంపించాడు. 1860లో వెర్నర్ సీమెన్స్ తీగ వద్దన్నాడు. సున్నా డిగ్రీల వద్ద, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోతతో, ఒక మీటరు పొడవున్న పాదరసం నిరోధమే ఒక యూనిట్ అన్నాడు.

కొలత తేడాతో నష్టం ఏమిటి? ఒక లెక్క చూడండి. టెలిగ్రాఫ్ తీగ నిరోధం కిలోమీటరుకు 6 ఓమ్‌లు అనుకుందాం. లైను ఎక్కడో తెగి నేలకు తగిలింది. ఈ చివర నుంచి కొలిస్తే 600 వచ్చింది. 600ను 6తో భాగిస్తే 100 కిలోమీటర్ల దూరంలో తప్పు ఉంది. కానీ ఆ 600 సీమెన్స్ యూనిట్లు అయితే? ఒక సీమెన్స్ యూనిట్ సుమారు 0.94 ఓమ్. 600ను 0.94తో గుణిస్తే 564 ఓమ్‌లు. అంటే తప్పు 94 కిలోమీటర్ల దగ్గర ఉంది. ఆరు కిలోమీటర్ల తేడా! నేల మీద అయితే నడిచి వెతకవచ్చు, సముద్రం అడుగున ఎట్లా వెతకాలి?

ఇందులో మన దేశం సంగతి కూడా ఉంది. 1858లో వేసిన అట్లాంటిక్ కేబుల్ కొన్ని వారాలకే మూగబోయింది. 1859, 60 సంవత్సరాల్లో ఎర్ర సముద్రం మీదుగా కరాచీ వరకు వేసిన కేబుల్ కూడా చెడిపోయింది. ఇంత డబ్బు నీళ్ళపాలైనాక బ్రిటిష్ ప్రభుత్వం విచారణ జరిపించింది. సరిగా కొలిచి, పరీక్షించి వేయాలన్న బుద్ధి అప్పుడు వచ్చింది.

అందరికీ ఒకే ఓమ్

1861లో బ్రైట్, క్లార్క్ అనే ఇద్దరు టెలిగ్రాఫ్ ఇంజనీర్లు విద్యుత్ కొలతలకు శాస్త్రవేత్తల పేర్లు పెట్టాలని సూచించారు. అదే ఏడాది విలియం థామ్సన్ చొరవతో బ్రిటిష్ అసోసియేషన్ ఒక కమిటీ వేసింది. అందులో చేరిన మాక్స్‌వెల్ వాళ్ళు లండన్ కింగ్స్ కాలేజీలో తీగచుట్టను వేగంగా తిప్పి, మధ్యలో వేలాడదీసిన చిన్న అయస్కాంతం ఎంత పక్కకు జరిగిందో చూసి నిరోధం లెక్కకట్టారు. 1865లో ప్రమాణ కాయిళ్ళు తయారైనాయి.

అంత గొప్పవాళ్ళ లెక్కలోనూ తప్పు దొరికింది. 1881, 82లో లార్డ్ రేలీ కేంబ్రిడ్జిలో మళ్ళీ కొలిచి, ఆ ఓమ్ ఉండాల్సినదాని కంటే నూటికి ఒకటికి పైగా తక్కువ ఉందని చూపించాడు. ఎవరూ దాచలేదు. ముందు 1884లో పాదరసం పొడవు 106 సెంటీమీటర్లు అనుకున్నారు, 1893లో చికాగోలో 106.3 అని సరిచేశారు. 1948లో మళ్ళీ చిన్న మార్పు. పాత అంతర్జాతీయ ఓమ్ ఒకటి, కొత్త లెక్కలో 1.00049 ఓమ్ అయింది. తీగ మారలేదు, అంకె మారింది. మా ఊరు సేలం జిల్లాలో ఉండి, 1965లో ధర్మపురికి, 2004లో కృష్ణగిరికి మారినట్టు. ఊరు మాత్రం కదల్లేదు!

ఇప్పుడు పాదరసం అవసరం లేదు. 1980లో క్లిట్జింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కనిపెట్టిన క్వాంటమ్ హాల్ ప్రభావం వల్ల, ఎవరు ఎక్కడ కొలిచినా 25,812.807 ఓమ్‌ల విలువ ఒకే విధంగా వస్తుంది. దానికి 1985లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

చివరి మాట

చిన్నాయన షాపుకు తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడేవాళ్ళు అందరూ వస్తారు. మనం నిరోధం అంటాము, తమిళంలో మిన్ తడై అంటారు. మీటరు మీద మాత్రం ఒకే ఒమేగా గుర్తు. ఆ గుర్తును అందరికీ ఒకటి చేయడానికి ఎంతమంది ఎన్నేళ్ళు కష్టపడినారో చదివినాక, నా "ఊ" నన్ను నిద్రపోనీయలేదు.

ఒక ఆదివారం చిన్నాయనకు అంతా చెప్పేశాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేను కూడా చూసుకోవాల్సిందిరా. అయినా మూడు నెలల నుంచి నా చెయ్యే పోయిందని అనుకుంటా ఉన్నాను" అన్నాడు. డబ్బు పోయినదాని కంటే ఆ మాటే నాకు ఎక్కువ బాధ కలిగించింది. నాయనకు కూడా నేనే చెప్పినాను.

ఇప్పుడు షాపులో మీటరు చూసేది మళ్ళీ నేనే. "మూడు వందల యాభై" అని ఊరికే చెప్పను. "మూడు వందల యాభై కిలోఓమ్, అంటే 0.35 మెగాఓమ్" అని గట్టిగా చెబుతాను. తోటి విద్యార్థులారా, పరీక్షలో యూనిట్ రాయకపోతే అర మార్కు పోతుంది. బయట పోయేది అంతకంటే ఎక్కువ.