‘సిద్ధమైన తరువాతే ఉద్యోగం’: మేధోవైకల్యం గల యువత - బడి నుంచి ఉపాధికి - చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

వైకల్యం గల పిల్లల చరిత్రను రాసేవారు సాధారణంగా బడి దగ్గరే ఆగిపోతారు. బడి తలుపులు ఎప్పుడు తెరుచుకున్నాయి, వాటిని ఏ చట్టం తెరిచింది అన్న విషయాలపై విస్తృతమైన చర్చ ఉంది. చదువు ముగించుకొని బయటికి వచ్చిన యువకుడు మరునాటి ఉదయం ఎక్కడికి వెళ్లాడన్న ప్రశ్నకు అంతటి ప్రాధాన్యం దక్కలేదు. బడికీ కొలువుకూ నడుమ ఉన్న ఈ ఘట్టాన్ని ఆంగ్లంలో ‘ట్రాన్సిషన్’ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘సంధిదశ’గా వ్యవహరించడమైనది. వ్యాకరణంలో రెండు వర్ణాలు సంధించినప్పుడు ఏదో ఒకటి మారక తప్పదు. ఇక్కడ మారవలసింది యువకుడా, పనిచోటా అన్నదే గత శతాబ్దపు వివాదమంతా. ఈ వివాదం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది మేధోవైకల్యం గల యువత విషయంలో, అందులోనూ అమెరికా అనుభవంలో. అందువల్ల పరిశీలన అక్కడ మొదలై, భారతీయ చట్టాల వద్దకు వస్తుంది.

2. మెట్లదారి

1938లో అమెరికా న్యాయమైన శ్రమప్రమాణాల చట్టాన్ని చేసింది. గంటకు 25 సెంట్ల కనీస వేతనాన్ని నెలకొల్పిన ఆ చట్టమే, తన 14వ సెక్షన్ ద్వారా వైకల్యం గలవారికి అంతకంటే తక్కువ చెల్లించేందుకు అనుమతి పత్రాలు ఇచ్చే వీలు కల్పించింది. కార్మికునికి రక్షణగా వచ్చిన చట్టంలోనే ఈ మినహాయింపు చోటు చేసుకోవడం గమనార్హం. ఈ మినహాయింపు అండతో షెల్టర్డ్ వర్క్‌షాపులు విస్తరించాయి. వైకల్యం గలవారిని ఒక్కచోట చేర్చి, పొట్లాలు కట్టించడం, విడిభాగాలు వేరు చేయించడం వంటి పనులు ఇచ్చి, చేసిన పనిని లెక్కగట్టి కూలి చెల్లించే చోట్లు అవి.

వీటిని సమర్థించిన తర్కం మెట్లదారి తర్కం. ముందు దినచర్యా కేంద్రం, ఆ తరువాత వర్క్‌షాపు, అక్కడ సిద్ధమైనట్లు తేలితే బయటి ఉద్యోగం. వినడానికి ఇది సహేతుకంగానే ఉంటుంది. అయితే పై మెట్టుకు చేరినవారు బహుకొద్దిమంది. ఒక మెట్టు నుంచి మరొక మెట్టుకు వెళ్తున్న వేగాన్ని 1980లలో ఆరెగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గణించారు. ఆ వేగంతో సాగితే సగటు వ్యక్తికి తొలి ఉద్యోగ యోగ్యత వచ్చేసరికి అతని పదవీవిరమణ వయసు దాటిపోతుందని తేల్చారు. ‘ఇంకా సిద్ధం కాలేదు’ అన్న మాట ఒక అంచనాగా కాక, జీవితకాలపు తీర్పుగా పనిచేసిందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

3. సైకిల్ బ్రేకు

ఈ తర్కానికి తొలి గట్టి దెబ్బ ఒక సైకిల్ బ్రేకు రూపంలో తగిలింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ గోల్డ్ నాలుగు షెల్టర్డ్ వర్క్‌షాపుల నుంచి 64 మందిని తీసుకున్నాడు. వారి వైకల్యం మధ్యస్థం మొదలు తీవ్రం వరకు ఉంది. 15 భాగాలున్న సైకిల్ బ్రేకును బిగించడం వారికి నేర్పి, ఆ తరువాత 24 భాగాల బ్రేకును ఇచ్చాడు. దాదాపు అందరూ నేర్చుకోగలిగారు. 1972లో ప్రచురితమైన ఈ పరిశోధనలో అసలు విశేషం ఫలితం కాదు, బోధనాపద్ధతి. గోల్డ్ ముందుగా పనిని చిన్న చిన్న అంచెలుగా విడగొట్టాడు. కొందరికి భాగాలపై రంగు గుర్తులు వేసి ఇచ్చాడు. ఏ ముఖం పైకి ఉండాలో రంగు సూచించడంతో వారు మరింత త్వరగా నేర్చారు. మాటలు తగ్గించాడు, పొగడ్తలను పక్కన పెట్టాడు. పొరపాటు జరిగితే మరో విధంగా ప్రయత్నించమని మాత్రమే సూచించాడు.

నేర్వలేకపోవడం అభ్యాసకుని లక్షణం కాదు, బోధన ఇంకా పూర్తికాలేదన్న సంకేతం అని గోల్డ్ వాదించాడు. బాధ్యతను విద్యార్థి భుజం మీద నుంచి గురువు భుజం మీదికి మార్చిన ఈ వాదం వైకల్య విద్యాచరిత్రలో ఒక మలుపు. అయితే గోల్డ్ ప్రయోగం నిరూపించింది నేర్చే శక్తిని. పనిచోటు సమస్య అలాగే మిగిలిపోయింది.

ఆ సమస్యను చేపట్టినవాడు లూ బ్రౌన్. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఉంటూ మాడిసన్ నగర పాఠశాలలతో కలిసి పనిచేసిన బ్రౌన్, తరగతి గదిలో నేర్పినది బయట దానంతటదే అక్కరకు వస్తుందన్న విశ్వాసాన్ని ప్రశ్నించాడు. ఈ పనిని విద్యార్థి చేయకపోతే, జీతమిచ్చి మరొకరిచేత చేయించవలసి వస్తుందా? ప్రతి పాఠానికీ ఆయన పెట్టిన పరీక్ష ఇదే. రంగుపూసలు గుచ్చడం ఈ పరీక్షకు నిలవదు, ఆసుపత్రిలో పరికరాలు సర్దిపెట్టడం నిలుస్తుంది. తీవ్రవైకల్యం గల విద్యార్థులను నిజమైన పనిచోట్లకు తీసుకువెళ్లి అక్కడే నేర్పే పద్ధతి మాడిసన్‌లో ఇలా స్థిరపడింది.

4. వంతెన

1975 నాటి చట్టం వైకల్యం గల పిల్లలందరికీ ఉచిత విద్యను హక్కుగా చేసింది. 1980ల నడుమ ఆ చట్టపు తొలి తరం బడి ముగించుకొని బయటికి రాసాగింది. అప్పుడు ప్రత్యేకవిద్య, పునరావాస విభాగానికి అధిపతిగా ఉన్న మాడలిన్ విల్ 1984లో ఒక విధానపత్రాన్ని వెలువరించింది. బడికీ ఉద్యోగానికీ మధ్య వంతెనలు మూడు రకాలని ఆమె వివరించింది: ప్రత్యేక సేవలు అవసరం లేనిది, కొంతకాలం సేవలు అందేది, నిరంతరం సేవలు అందేది. మూడవ వంతెనే చరిత్రాత్మకం. సాయం ఎన్నటికీ ఆగకపోయినా అది ఉద్యోగమే అవుతుందని ప్రభుత్వం అంగీకరించినట్లయింది. 1986లో పునరావాస చట్టానికి వచ్చిన సవరణలు ఈ సహాయక ఉపాధికి చట్టరూపం ఇచ్చాయి. ముందు ఉద్యోగంలో చేర్చి, పక్కన నిలబడి పని నేర్పే ‘జాబ్ కోచ్’ ఈ దశలోనే వృత్తిగా రూపుదిద్దుకున్నాడు.

విల్ ప్రతిపాదనను 1985లోనే ఆండ్రూ హాల్పర్న్ విమర్శించాడు. నివాసం, స్నేహబంధాలు లేని ఉద్యోగం సమాజ జీవనం కాజాలదన్నది ఆయన ఆక్షేపణ. ఇది న్యాయమైనదే. 1990లో సంధిదశ సేవలు విద్యాచట్టంలో చేరాయి. 2014 నాటి చట్టం పునరావాస నిధులలో కనీసం 15 శాతాన్ని విద్యార్థుల ఉపాధిపూర్వ సేవలకు కేటాయించింది. 24 ఏళ్లలోపు యువతను తక్కువ వేతనపు పనిలో చేర్చుకోవడాన్ని కఠినతరం చేసింది. 1938 నాటి మినహాయింపును మాత్రం రద్దు చేయలేదు.

5. భారతీయ చట్టాలలో సంధిదశ

ఈ చర్చ తెలుగునేలకు దూరమైనది కాదు. దేశంలో తొలి వృత్తి పునరావాస కేంద్రాలు 1968లో ముంబయి, హైదరాబాదులలో ఏర్పడ్డాయి. 1984లో, అంటే విల్ పత్రం వెలువడిన ఏడాదే, సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ నెలకొన్నది. బడి నుంచి పనికి మారే దశపై ఆ సంస్థ 2001లో ఒక మార్గదర్శినిని ప్రచురించింది. విద్యారంగంలో భావన ఉన్నది. లేనిది చట్టంలో.

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను గుర్తించింది. 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను ఏడింటికీ వర్తింపజేసింది. ఉద్యోగాలలో 3 శాతం రిజర్వేషన్ వద్దకు వచ్చేసరికి మాత్రం దృష్టి, వినికిడి, చలన వైకల్యాలకే పరిమితమైంది. ఒకే చట్టం ఒకే బాలునికి బడిని హక్కుగా ఇచ్చి, కొలువు జాబితాలో అతని పేరును విడిచిపెట్టింది. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. యుక్తవయస్సు వచ్చిన మేధోవైకల్యం గల వ్యక్తికి సంరక్షకుని నియమించే స్థానిక కమిటీలను అది ఏర్పరిచింది. పద్దెనిమిదేళ్లు నిండిన వ్యక్తికి చట్టం ముందుగా చూపినది సంరక్షకుని, యజమానిని కాదు.

ఈ లోపాన్ని 2016 చట్టం కొంత సవరించింది. రిజర్వేషన్‌ను 4 శాతానికి పెంచి, అందులో ఒక శాతాన్ని ఆటిజం, మేధోవైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు గలవారికి ఉమ్మడిగా కేటాయించింది. అయితే ఇది ప్రభుత్వ ఉద్యోగాలకు సంబంధించినది. విద్యార్హతలు, రాతపరీక్షలు దాటితేగాని ఆ ఒక శాతం అందదు. మెట్లదారి తర్కం ఇక్కడ పరీక్ష రూపంలో కొనసాగుతున్నదని చెప్పవలసి ఉంటుంది. చట్టంలోని 19వ సెక్షన్ మేధోవైకల్యం, ఆటిజం గలవారికి మార్కెట్‌తో అనుసంధానమైన ప్రత్యేక నైపుణ్య శిక్షణ కార్యక్రమాలను పేర్కొన్నది. మార్కెట్‌తో అనుసంధానం కొత్త మాట. శిక్షణ మాత్రం విడిగానే, ఉద్యోగానికి ముందే.

వయోపరిమితిని కూడా ఈ కోణంలో చూడవలసి ఉంది. అమెరికా చట్టంలో విద్యాహక్కు 21 ఏళ్ల వరకు సాగుతుంది. పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి మధ్యనున్న ఆ కాలంలోనే పాఠశాల తన విద్యార్థిని పనిచోటుకు పంపి, ఉపాధ్యాయుని వెంట నిలపగలుగుతుంది. 2016 చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం ఉచిత విద్య హక్కు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకే. ఆ మూడేళ్లకు భారతీయ చట్టంలో పాఠశాల బాధ్యత లేదు.