మదనపల్లె కాలేజీకి గుర్తింపు పోయిన కథ, మన ఆగస్టు 9 సభ



ఈ పోస్టు కొంచెం పొడుగు. బస్సులో ఉన్నోళ్లు సేవ్ చేసుకొని, రూముకు పోయినాక నిదానంగా చదవండి.

పోయినేడు ఆగస్టు 9న మేము చదివే కాలేజీలో ఆదివాసీ దినోత్సవానికి ఒక వక్తను పిలిచినాం. భూముల గురించి, పోలీసు కేసుల గురించి గట్టిగా మాట్లాడే మనిషి. హాలు ఇస్తామన్నారు, ఫ్లెక్సీ కూడా కొట్టించినాం. ముందురోజు సాయంత్రం మమ్మల్ని పిలిచి, "ఆయన వివాదాస్పద వ్యక్తి, పర్మిషన్ లేదు" అన్నారు. కాగితం మీద రాసియ్యమంటే ఇయ్యలేదు, అంతా నోటిమాటే. సభ కాలేజీ గోడ బయట చెట్టు కింద మైకు లేకుండా జరిగింది. ముందు వరసలో కూర్చున్నోళ్లకు తప్ప ఎవరికీ ఏమీ వినపడలేదు.

అది పెద్ద బాధ కాదు. పర్మిషన్ లెటర్ మీద మాతోపాటు సంతకం పెట్టిన ఫస్టియర్ తమ్ముడు ఒకడున్నాడు. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. స్కాలర్‌షిప్ ఆపేస్తారేమో, హాస్టల్ సీటు తీసేస్తారేమో అని వారం రోజులు వాడికి నిద్ర లేదు. చివరికి ఏమీ తీయలేదు. కానీ వాడు మళ్లీ మన మీటింగుకు రాలేదు.

ఈ యేడు మళ్లీ అదే చర్చ మొదలైంది. గొడవ ఉన్నోళ్లు వద్దు, మనవాళ్లలోనే పెద్ద ఉద్యోగం చేసే ఎవరినైనా పిలిచి శాలువా కప్పుదాం అని కొందరు. గొడవ ఉన్నోళ్లనే పిలవాలి, లేకుంటే సభ ఎందుకు అని ఇంకొందరు. గ్రూపులో రెండు వైపుల వాదనలు చదివినాక మేము పాత చరిత్ర తిరగేసినాం. ఇట్లాంటి తగవు మన చిత్తూరు జిల్లాలో నూరేళ్ల కిందటే జరిగింది. దానికి ఒక కాలేజీ తన గుర్తింపునే పోగొట్టుకుంది.

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అప్పుడే కడప జిల్లా నుంచి మదనపల్లె ఇందులోకి వచ్చింది. 1915లో అనీబిసెంటు అక్కడ దివ్యజ్ఞాన కాలేజీ పెట్టించింది. ఇప్పుడు బి.టి. కాలేజీ అంటాం కదా, అదే. మరుసటి సంవత్సరం ఆమె హోంరూల్ లీగ్ మొదలుపెట్టింది. అంటే దేశంలోనే ఎక్కువ వివాదం ఉన్న మనిషి ఆ కాలేజీకి అతిథి కాదు, యజమానురాలు!

ఆమె పంపిన మనిషి కూడా అట్లాంటోడే. జేమ్స్ కజిన్స్ అని ఐర్లండు కవి. మద్రాసులో ఆమె పత్రిక 'న్యూ ఇండియా'లో పనిచేసేవాడు. 1916లో ఐర్లండులో బ్రిటిష్ వాళ్ల మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగితే, దాన్ని మెచ్చుకుంటూ వ్యాసం రాసినాడు. ప్రభుత్వం ఒత్తిడికి పత్రికలో ఆయన్ను ఉంచడం కుదరలేదు. బిసెంటు ఆయన్ను మదనపల్లెకు ఇంగ్లీషు చెప్పను పంపించింది. పత్రికలో నోరు మూయించిన మనిషికి క్లాసురూము ఇచ్చినారు. ఈ ముక్క చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది, ధైర్యం కూడా వచ్చింది.

1917లో మద్రాసు ప్రభుత్వం, విద్యార్థులు రాజకీయ సభలకు పోకూడదని ఆంక్ష పెట్టింది. జూన్‌లో బిసెంటును నిర్బంధించి ఊటీకి పంపింది. మదనపల్లె విద్యార్థులు ఊరుకోలేదు, హోంరూల్ ఉద్యమంలోకి దిగినారు. ఆ యేడే మద్రాసు యూనివర్సిటీ ఆ కాలేజీ గుర్తింపు తీసేసింది. లాఠీ ఎత్తే పని లేకుండా, ఒక్క కాగితంతో అయిపోయింది. అప్పుడు బిసెంటు వాళ్లు మద్రాసు అడయారులో సొంతంగా జాతీయ విశ్వవిద్యాలయం పెట్టుకున్నారు. దానికి చాన్సలర్ రవీంద్రనాథ్ ఠాగూర్. మదనపల్లె కాలేజీ దాని కిందికి పోయింది.

1919లో ఠాగూర్ మదనపల్లె వచ్చింది ఆ సంబంధంతోనే. ఫిబ్రవరి 28న అక్కడే తన 'జనగణమన'ను ఇంగ్లీషులోకి రాసినాడు. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాట బాణీని స్వరాలతో రాసి పెట్టింది. ఈ సంగతి మన జిల్లాలో స్కూలు పిల్లోళ్లకు కూడా తెలుసు. ఆగస్టు 15కు, జనవరి 26కు స్టేజీల మీద చెప్తానే ఉంటారు. ఆ పొద్దు ఆయన కూర్చున్నది యూనివర్సిటీ గుర్తింపు పోగొట్టుకున్న కాలేజీలో అని మాత్రం ఎవరూ చెప్పరు.

ఇట్లాంటిది అదే మొదలు కాదు. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడినాడు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు ఆయన ఇంగ్లీషు ఉపన్యాసాలను అక్కడికక్కడే తెలుగులో చెప్పినారు. ఆ తర్వాత కాలేజీల్లో విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకొని క్లాసులకు పోయినారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ తీయమన్నాడు, వీళ్లు తీయలేదు. ట్రైనింగ్ కాలేజీలో చదువుతా ఉన్న మన సీమ మనిషి, కర్నూలు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని వెళ్లగొట్టినారు, సర్కారు ఉద్యోగం కూడా లేకుండా చేసినారు. పాల్ గారు ఉపన్యాసం చెప్పి తన దారిన పోయినాడు. చదువు పోయింది విన్నోళ్లకు.

ఇక్కడ మనం ఒక నిమిషం ఆగాలి. ఇవన్నీ మన చరిత్రేనా?

రాజమండ్రిలో, మదనపల్లెలో పిల్లలు ఎవరి మాట వినాలని కొట్లాడతా ఉన్న ఆ కాలంలో మన తాతల తండ్రులు ఎక్కడున్నారు? 1911 నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వాళ్ల పేర్లు, వేలిముద్రలు రిజిస్టర్లకు ఎక్కినాయి. ఎక్కినోళ్లు చెప్పిన టైముకు హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టినారు. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ, పేరు మాత్రం సర్కారు దొర హెరాల్డ్ స్టువర్టుది. మదనపల్లె కాలేజీకి గుర్తింపు పోయిన 1917లో మనోళ్లకు పక్క ఊరి సంతకు పోయే స్వేచ్ఛే లేదు. మన గురించి మాట్లాడినోళ్లు మాత్రం చానామంది. 1909లో థర్స్టన్ ఏడు సంపుటాలు అచ్చేసినాడు, దక్షిణాది కులాలు, తెగలు అని. ఎవరి ముక్కు ఎట్లుంటుంది, ఎవరు దొంగలు అని అంతా రాసినాడు. మన గురించి మనం మాట్లాడే సభ మాత్రం ఒక్కటీ లేదు. ఆ చట్టం ముద్ర దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న.

ఇంకొక చేదు సంగతి. స్వేచ్ఛ కోసం నిర్బంధంలోకి పోయిన ఇదే బిసెంటు, 1909లో అణగారిన కులాల పిల్లల చదువు మీద ఒక వ్యాసం రాసింది. వాళ్లకు మొదట శుభ్రత, మర్యాద నేర్పాలి, అప్పటిదాకా పై కులాల పిల్లల పక్కన కూర్చోబెట్టకూడదు, వేరే బడి ఉండాలి అని దాని సారం. అంబేద్కర్ 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో ఆ వ్యాసాన్ని బయటపెట్టినాడు. హోంరూల్ అంటే బ్రాహ్మణ పాలనే అని జస్టిస్ పార్టీ వాళ్లు ఆమెను తిట్టిపోసింది ఉత్తినే కాదు.

దీని మీద మాలో మాకే వాదన అయింది. ఈ పొద్దు బిసెంటు బతికొచ్చి మన సభలో మాట్లాడతానంటే పిలుస్తామా? మాలో ఒక అక్క, అస్సలు పిలవకూడదు అంది. ఎక్కువమందిమి పిలవాలి అన్నాం. పిలిచి, ఆ 1909 వ్యాసం చేతికిచ్చి, మా తమ్ముడి పక్కన ఎవరు కూర్చోకూడదో చెప్పమని అడగాలి. అడిగే టైము లేకుండా దండేసి పంపించే సభ అయితే మాత్రం అక్క చెప్పిందే రైటు.

వివాదాస్పదం అనే మాట ఎవరి నోట్లోంచి వస్తుందో చూడండి. 2016 మార్చి 23న కన్హయ్య కుమార్‌ను హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గేటు దగ్గరే ఆపేసినారు. రోహిత్ వేముల పోయి అప్పటికి రెండు నెలలు దాటింది. మన తిరుపతి జిల్లాలోనే శ్రీహరికోట ఉంది. రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవిలో యానాది కుటుంబాలు ఉండేవి. రాకెట్లు ఎట్ల ఎగురుతాయో చెప్పను సైంటిస్టు గారిని పిలిస్తే ఏ కాలేజీ అయినా హాలు ఇస్తుంది, టీ బిస్కెట్లు కూడా పెడుతుంది. ఆ దీవి ఖాళీ చేసిన యానాది అవ్వను పిలిచి చూడండి. మాకూ రాకెట్ అంటే గర్వమే, ఇద్దరినీ ఒకే స్టేజీ మీద వినాలని మా ఆశ.

కాబట్టి గొడవ ఉన్నోళ్లు వద్దనే అన్నలతో మేము ఒప్పుకోం. మన బతుకు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పే ఏ మనిషైనా ఎవరో ఒకరికి వివాదాస్పదమే. కానీ గొడవ ఉన్నోళ్లే కావాలనే అన్నలు కూడా మదనపల్లె కథ ఇంకోసారి చదవాలి. గుర్తింపు పోయినా ఆ కాలేజీ నిలబడింది. వెనక దివ్యజ్ఞాన సమాజం ఉంది, ఠాగూర్ ఉన్నాడు. అక్కడి పిల్లలు ఆ కాలంలోనే కాలేజీ దాకా రాగలిగిన ఇళ్ల పిల్లలు. మన ఫస్టియర్ తమ్ముడి వెనక ఎవరున్నారు? వాళ్లమ్మ కూలికి పోతుంది. వక్త ఆ రాత్రికే బస్సెక్కి పోతాడు. పొద్దున్నే ఆఫీసు ముందు నిలబడేది వీడు. పోయినేడు ఆ సంగతి మేము ఆలోచించలేదు. తప్పు మాదే.

ఈసారి మేము అనుకున్నది ఇది. పర్మిషన్ లెటర్ మీద ఫస్టియర్, సెకండియర్ పిల్లల సంతకాలు వద్దు. కోర్సు అయిపోయినోళ్లం, ఉద్యోగాల్లో ఉన్నోళ్లం ఒక పదిమందిమి పెడతాం. లెటర్ నెల ముందే ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుంటాం. వద్దంటే కారణం రాతలో అడుగుతాం. బయట ఒక హాలు కూడా ముందే మాట్లాడి పెడతాం, మైకుతో సహా. వక్త మాట్లాడినంత సేపు ప్రశ్నలకు కూడా టైము ఉండాలి, ఒప్పుకుంటేనే పిలుస్తాం.

ఎవరిని పిలవాలో ఇంకా తేలలేదు. ఆదివారం పొద్దున పదిగంటలకు కూర్చుంటా ఉన్నాం. ఆ తమ్ముడి రూముకు పోయి మేమే పిలిచి వచ్చినాం. చూస్తానన్నా అన్నాడు.