కరువు పని

హైదరాబాద్ నుంచి బీజాపూర్ పోయే రోడ్డు మీద మొయినాబాద్ దాటి చేవెళ్ల చేరేలోపు కనకమామిడి వస్తుంది. దారి పొడవునా పాతకాలపు మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టేయాలా, ఉంచాలా అన్న గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఆ మర్రి నీడల వెనక చెల్కల్లో ఇప్పుడు ఫామ్‌హౌస్‌లు, వెంచర్ల హద్దురాళ్లు, మధ్యమధ్యలో పూలతోటలు, కూరగాయల మడులు. ఇక్కడి ఎకరం ధర విన్నవాడికి కరువు అన్న మాట ఏ తాతల కాలానిదో అనిపిస్తుంది. కానీ తెలంగాణ పల్లెల్లో ఎండాకాలం పొద్దున్నే పార, గంప పట్టుకుని బయల్దేరిన ఆడవాళ్లను ఎక్కడికని అడిగితే ఇప్పటికీ వినిపించే జవాబు ఒకటే: “కరువు పనికి.”

సర్కారు కాగితాల్లో ఆ పేరు ఎక్కడా లేదు. 2005 నాటి చట్టం దాన్ని జాతీయ గ్రామీణ ఉపాధి హామీ అంది. 2009లో ముందు మహాత్మా గాంధీ పేరు చేరింది. ఆఫీసుల్లో ‘ఈజీఎస్’ అన్నారు, కొన్నిచోట్ల ‘వంద రోజుల పని’ అన్నారు. జనం మాత్రం తమకు తెలిసిన పాత పేరే పెట్టుకున్నారు. కరువొస్తే సర్కారు మట్టి పని పెడుతుందనీ, తవ్విన మట్టిని కొలిచి గింజలో పైసలో ఇస్తుందనీ వాళ్లకు తెలుసు. ఆ ఎరుక వయసు నూటయాభై ఏళ్లు. అన్నేళ్లలో గింజ మారింది, కూలి మారింది, కొలిచే పనిముట్టు మారింది. కొలిచేదెవరు అన్న తగాదా మాత్రం ప్రతి కరువులోనూ కొత్తగా మొదలైంది.

తెలుగువాళ్లు కరువులను సంవత్సరం పేరుతో గుర్తుపెట్టుకున్నారు. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసింది నందన కరువు. 1876లో మొదలైంది ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఎండిపోయాయి. మైసూరు, బొంబాయి దక్కను, నిజాం రాజ్యపు పడమటి జిల్లాలు కూడా అందులో చిక్కుకున్నాయి. రెండేళ్లలో బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే సుమారు 55 లక్షల మంది చనిపోయారని అంచనా.

1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు జరిగింది. పదేళ్ల నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ను వెంటబెట్టుకుని ఆయన దివాన్ సాలార్ జంగ్ కూడా దానికి వెళ్లాడు. వైస్రాయ్ లిట్టన్ ఒకపక్క ఆ పండుగ నడుపుతూనే, మరోపక్క మద్రాసు ప్రభుత్వం కరువు పనుల మీద దుబారా చేస్తోందని అనుమానించి, లెక్క సరిచేయమని సర్ రిచర్డ్ టెంపుల్‌ను దక్షిణానికి పంపాడు. ఈ టెంపుల్ కథ విచిత్రమైంది. 1873-74లో బీహారులో కరువొస్తే ఆయన బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. చావులు దాదాపు లేకుండా చూసినందుకు మెప్పు రావాల్సింది పోయి, ఖజానా కరగబెట్టాడని చీవాట్లు పడ్డాయి. ఆ పాఠం మనసులో పెట్టుకుని మద్రాసుకు వచ్చిన మనిషి, మగ కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, అంటే దాదాపు 450 గ్రాములు, పైన కొద్దిపాటి చిల్లర చాలని తేల్చాడు. ఆడవాళ్లకు, పిల్లలకు అంతకన్నా తక్కువ. ఇంటి పక్కనే పని దొరికితే అవసరం లేనివాడు కూడా వస్తాడన్న అనుమానంతో దూరపు క్యాంపులకు నడిపించడం ఆనాటి పద్ధతి. పస్తుతో అంత దూరం నడిచి వచ్చినవాడే నిజంగా ఆకలి ఉన్నవాడన్నమాట.

మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్ దీనికి అడ్డం తిరిగాడు. దినమంతా మట్టి మోసే ఒంటికి పౌండు గింజ చాలదని వైద్యుడిగా లెక్కలు కట్టి రాశాడు. టెంపుల్ ఒప్పుకోలేదు. కలకత్తాకు, మద్రాసుకు మధ్య కాగితాలు నడుస్తుండగా క్యాంపుల్లో మనుషులు ఎముకల గూళ్లయ్యారు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. చరిత్ర పుస్తకాల్లో ఆ పౌండు ‘టెంపుల్ కూలి’గా మిగిలింది.

అదే కరువులో ఒంగోలులో ఇంకో తీరు లెక్క నడిచింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ తన సంఘం మాదిగలకు పని దొరకాలని, బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకానికి తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది అక్కడికి చేరారు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్లకు మాత్రం కరువు సాగినన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. గింజల కోసం మతం మారారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. కూడు పెట్టిన చెయ్యి బదులుగా ఏమి అడుగుతుంది, ఎప్పుడు అడుగుతుంది అన్న ప్రశ్న తెలుగు నేల మీద ఆనాడే ఇంత సూటిగా లేచింది.

సర్కారు కన్నా ముందు ఊరే పెట్టిన కూడూ ఉంది. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు ఖాళీ అయ్యేదాకా జనానికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది.

కనకమామిడి ఉన్న నిజాం రాజ్యంలో కథకు ఇంకో కొస ఉంది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874లో వచ్చింది. తాండూరు, వికారాబాద్, చేవెళ్లకు దగ్గర్లోని శంకర్‌పల్లి ఆ లైను మీదివే. కరువొచ్చిన చోటికి గింజలు పరుగున చేర్చే సాధనంగా రైలును పాలకులు పొగిడారు. రైలు రెండువైపులా నడుస్తుంది. ధర ఎక్కడ ఎక్కువుంటే గింజ అక్కడికే పోయింది. కరువు జిల్లాలో కొనేవాడి దగ్గర పైసల్లేకపోతే, అదే రైలెక్కి బయటికీ పోయింది.

అంతకుముందు దక్కను రైతు కరువుకు కట్టుకున్న గోడ పేరు పాతర. ఇంటి ముందో, మిట్ట మీదో లోతైన గుంత తవ్వి, చుట్టూ చొప్ప, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టితో మెత్తేవాళ్లు. గాలి ఆడని ఆ చీకట్లో పురుగు బతకదు. జొన్న ఏళ్ల తరబడి ఉంటుంది. తెరిచిన వెంటనే లోపలికి దిగితే మనిషికీ ఊపిరాడదు కాబట్టి కాసేపు ఆగి, దీపం దించి చూసి, అది ఆరకపోతేనే దిగేవాళ్లు. పాతరలో జొన్నకు ఒక రకమైన ముక్క వాసన. ఆ వాసన ఉన్న ఇంటికి వచ్చే ఏడు వాన మీద బెంగ తక్కువ. శిస్తు నగదులో కట్టాల్సి వచ్చాక, స్టేషనుకు బండి కట్టడం అలవాటయ్యాక, గింజను భూమిలో దాచడం కన్నా సేటుకు తూచడం మామూలైంది. 1899-1900 కరువుకు ఆ గోడ పలచబడే ఉంది. హైదరాబాద్ రాజ్య జనాభా 1891లో 1,15,37,040. పదేళ్ల తర్వాత లెక్కిస్తే 1,11,41,142. పెరగాల్సిన చోట దాదాపు నాలుగు లక్షలు తగ్గింది.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి నిజాం సర్కారే గింజలు కొలిచే పని చేతికి తీసుకుంది. బెంగాల్ కరువు భయం, నగరానికి రేషను, సైన్యానికి సరఫరా అన్నీ కలిసి లెవీ అయ్యాయి. సాగుచేసిన భూమిని బట్టి ఇంత ధాన్యం సర్కారు ధరకు ఇచ్చి తీరాలి. కాగితం మీద చూస్తే ఆకలి రాకుండా ముందుజాగ్రత్త. ఊళ్లో దాని రూపం వేరు. పట్వారీ, పటేలు చేతిలో రికార్డు ఉన్నప్పుడు దొర భూమి తరిగి కనపడుతుంది, చిన్న రైతు పంట పెరిగి కనపడుతుంది. దొర గింజ నల్లబజారులో నాలుగింతలకు అమ్ముడుపోతే, పేదవాడు తిండిగింజలు తూచి ఇచ్చి తిరిగి వాటినే కొనుక్కోవాలి. వెట్టి, బేదఖలు (భూమి నుంచి గెంటివేత), లెవీ కలిసి నల్లగొండ, వరంగల్ పల్లెలను సాయుధ పోరాటం దాకా నడిపించాయి. ఆ పోరాటానికి వేదికైన ఆంధ్రమహాసభ, నిజాం రాజ్య తెలుగువాళ్ల సంస్థ, మొదట అలా లేదు. కనకమామిడికి దగ్గర్లోని పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షుడిగా 1936లో షాద్‌నగర్‌లో దాని సమావేశం జరిగింది. ఆ మితవాదుల సభ, 1944 భువనగిరి సమావేశం నాటికి రావి నారాయణరెడ్డి అధ్యక్షతన రైతు సంఘంగా మారిపోయింది. ఇప్పుడు కనకమామిడి ఉన్న జిల్లాకు రంగారెడ్డి పేరే ఉంది.

స్వతంత్రం వచ్చాక కొలిచే చెయ్యి సముద్రాల అవతలికి పోయింది. 1954లో అమెరికా చేసిన పీఎల్-480 చట్టం కింద గోధుమలు రూపాయల్లో కొనుక్కునే వీలు దొరికింది. 1965, 66లో వరసగా వానలు తప్పాయి. 1966 ఒక్క ఏడాదే కోటి టన్నులకు పైగా ధాన్యం దిగుమతైంది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఏడాది ఒప్పందం చేయకుండా, నెలనెలా ఓడలు వదిలాడు. వ్యవసాయ విధానం మార్చుకోవాలన్నది ఒక షరతు. వియత్నాం యుద్ధం మీద ఢిల్లీ మాటలు ఆయనకు నచ్చకపోవడం చెప్పని షరతు. దుర్భిక్షంలో అధికమాసం అన్నట్టు 1966లోనే రూపాయి విలువా తగ్గించాల్సి వచ్చింది.

ఊళ్లో ఈ పెద్ద రాజకీయం బడి పిల్లల పళ్లెంలో దిగింది. అమెరికా సాయసంస్థ కేర్ పంపిన పాలపొడి, పచ్చగా ఉండే మొక్కజొన్న రవ్వ ఉప్మా ఆ తరం తెలుగువాళ్ల జ్ఞాపకాల్లో ఇంకా ఉన్నాయి. పొలం గట్ల మీద తెల్లటి పూలతో గుబురుగా పెరిగే వయ్యారిభామ కూడా ఆ గోధుమల్లో కలిసి వచ్చిందనే చాలామంది నమ్మకం. దానికి ‘కాంగ్రెస్ గడ్డి’ అన్న ఇంకో పేరూ అంటుకుంది.

ఓడల మీద ఆధారపడిన అవమానం నుంచి హరితవిప్లవం ఊపందుకుంది, గోదాములు నిండాయి. నిండిన గోదాము ఓట్లు తెస్తుందని ముందుగా కనిపెట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం అనగానే, కోట్ల విజయభాస్కరరెడ్డి కాంగ్రెస్ ప్రభుత్వం రూపాయి తొంభై పైసలంది. జనం పది పైసల తేడా లెక్క చేయలేదు. 1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాతి ప్రభుత్వాలు ఆ ధరను పెంచాయి, తగ్గించాయి, 2011లో రూపాయికి దించాయి. 2013లో ఆహార భద్రత చట్టంతో అది హక్కయింది.

పేదింట్లో మూడు పూటలా అన్నం ఉడకడం చిన్న సంగతి కాదు. ఒకప్పుడు పండక్కే తెల్లన్నం తిన్న చెల్క ఊళ్లకు అది పెద్ద గౌరవం. ఆ గౌరవానికి జొన్న బలైంది. రేషను షాపులో బియ్యం రెండు రూపాయలకు వస్తుంటే, పేదరైతు జొన్న విత్తడం మానేశాడు. ఎవరో పండించిన బియ్యం లారీలో వచ్చింది, తన చెల్క బీడు పడింది.

చేవెళ్లకు వాయవ్యాన జహీరాబాద్ దగ్గర ఈ తిరకాసును కొందరు ఆడవాళ్లు తమ తీరులో విప్పారు. 1983లో పస్తాపూర్‌లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. 1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో వాళ్లు బీడు భూములకు దున్నకం ఖర్చు అప్పిచ్చి, ఆ అప్పును జొన్నల రూపంలో తిరిగి తీసుకున్నారు. ఆ జొన్నలు ఊళ్లోనే దాచి, తిండికి కరువయ్యే నెలల్లో తక్కువ ధరకు పంచారు. ఎవరికెంత అన్నదానికి ఆదాయ పత్రం అడగలేదు. ఊరంతా కూర్చుని నేల మీద ఇళ్ల పటం గీసి, ఏ ఇంట్లో ఆకలి ఎంతో తామే తేల్చుకున్నారు. గట్టి ఆకలి ఉన్న ఇంటికి ఎక్కువ కొలత.

2001 తర్వాత మళ్లీ వరస కరువులు. కేంద్రం గోదాముల్లో మిగిలిన బియ్యాన్ని ‘పనికి ఆహారం’ కింద ఆంధ్రప్రదేశ్ పెద్ద మొత్తంలో తెచ్చుకుంది. చాలాచోట్ల కాంట్రాక్టర్ల యంత్రాలు మట్టి తవ్వాయి, బియ్యం బజారుకు చేరింది. ఆ అనుభవం తర్వాతే ఉపాధి చట్టంలో కాంట్రాక్టర్లను, యంత్రాలను నిషేధించారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. తొలి విడత 200 జిల్లాల్లో రంగారెడ్డి ఒకటి.

ఇక్కడే పాత తగాదా కొత్త వేషంలో వచ్చింది. కూలి రోజుకు ఇంతని చట్టంలో ఉన్నా, చేతికి వచ్చేది తవ్విన గుంత కొలతను బట్టి. మేట్ ముగ్గు పోసి చూపిస్తాడు, టెక్నికల్ అసిస్టెంట్ టేపు పట్టి ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో రాసుకుంటాడు. మే నెలలో చెల్క రాయిలా బిగుస్తుంది. అందుకే వేసవి భత్యం కోసం అడిగారు, తెచ్చుకున్నారు. రాసిన కొలత నిజమా కాదా అని ఊరి ముందు చదివి వినిపించే సామాజిక తనిఖీలను దేశంలో పెద్ద ఎత్తున నడిపింది కూడా తెలుగు నేలే. తర్వాత ఫోను వచ్చింది. రోజుకు రెండుసార్లు పని చోట ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తేనే హాజరు. సిగ్నల్ లేకపోతే ఆ పూట చెమటకు సాక్ష్యం లేదు.

2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో తెలంగాణ ప్రభుత్వం రేషన్‌లో సన్నబియ్యం మొదలుపెట్టింది. మనిషికి ఆరు కిలోలు, ఉచితం. దొడ్డుబియ్యం తినకుండా అమ్ముకుంటున్నారన్న మాట ఏళ్లుగా ఉంది. తినేవాడికి రుచి కూడా ఉంటుందని సర్కారు ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. అందులో 125 రోజుల హామీ ఉంది, చాలా రాష్ట్రాల మీద నలభై శాతం ఖర్చు ఉంది, పొడుగాటి కొత్త పేరు ఉంది. ఆ పేరు పలకడం ఊళ్లలో ఎవరికీ ఇంకా అలవాటు కాలేదు. మర్రిచెట్ల కింద బస్సు కోసం ఆగిన ఆడవాళ్లు పారలు పక్కన పెట్టుకుని, నిన్నటి కొలతలో ఎవరికెంత పడిందో ఒకరినొకరు అడుగుతారు.