పొగగొట్టమున పోయిన వేడిమి



పుష్యమాసపు చలికి మనకు కుంపటియో, కంబళియో చాలును. ఉత్తర అమెరికా శీతలప్రాంతములలో అట్లు కాదు. అచ్చట ఇల్లంతయు వెచ్చజేయు ఫర్నేసను కొలిమి శీతకాలమెల్ల మండుచుండవలెను. "పనిచేయుచున్న పాతకొలిమిని తీసివేయనేల?" యని గృహస్థుడు సందేహించుట సహజము. దీనికి సమాధానము చరిత్రయందు కలదు.

18వ శతాబ్దిలో ఫిలడెల్ఫియా నగరవాసులు గోడలోని పొయ్యిలో కట్టెలు మండించుచుండిరి. వేడిమిలో అధికభాగము పొగతోగూడ ఆకాశమున కలిసిపోయెడిది. నగరము పెరిగినకొలది కట్టెలను దూరమునుండి తేవలసివచ్చెను. అంతట బెంజమిన్ ఫ్రాంక్లిను ఇనుపపలకలతో నొక పొయ్యిని కల్పించి, 1744లో దానినిగూర్చి చిన్న పుస్తకము ప్రకటించెను. పొగను తిన్నగా పైకి పోనీయక, ఒక ఇనుపపెట్టె వెనుకగా క్రిందికి దింపి, దాని వేడిమిని గదికి దక్కించుట ఆయన యుక్తి. తన గదికి మునుపటి కట్టెలలో నాల్గవవంతు చాలెనని ఆయన వ్రాసెను. గవర్నరు ఏకస్వామ్య మిచ్చెదననినను, లోకోపకారార్థమై ఒల్లననెను.

అయినను ఒక చిక్కు మిగిలెను. పొగను పైకి లేపునది దాని వేడిమియే. వేడిమి కోల్పోయిన పొగ పైకెక్కజాలక గదిలోనికి క్రమ్ముకొనసాగెను. కావున తరువాతివారు పొగకు సుగమమైన దారి విడిచిరి. వేడిమిలో కొంత పొగకు కప్పముగా చెల్లింపక తప్పదని లోకము చాలకాలము సమాధానపడియుండెను.

1973లో చమురు సంక్షోభము వచ్చి, ఇంధనపు ధరలు పెరుగగా, ఆ కప్పము భారమయ్యెను. 1980 దశకపు తొలినాళ్లలో క్రొత్తరకపు కొలుములు వెలువడెను. సహజవాయువు మండునపుడు నీటియావిరి పుట్టును. ఇంధనపు వేడిమిలో సుమారు పదవవంతు ఆ యావిరిలో దాగియుండును. దానిని కొలిమిలోనే చల్లార్చి నీరుగా మార్చినచో ఆ వేడిమి ఇంటికే దక్కును. మిగిలిన పొగ ఎంత చల్లనిదనగా, దానికి ప్లాస్టిక్కు గొట్టము చాలును. అది తనంతట పైకెక్కలేదు గనుక, చిన్న విద్యుత్పంకా దానిని వెలుపలికి నెట్టును. ఫ్రాంక్లినునకు కొరవడినది ఈ పంకాయే!

ఇక లెక్క చూతము. ఇంధనమునందలి వేడిమిలో నూటికి 65 పాళ్లు మాత్రమే ఇంటికిచ్చు పాతకొలిమి స్థానమున, 95 పాళ్లిచ్చు క్రొత్తదానిని పెట్టినచో, మునుపు 100 పాళ్లు కాలినచోట 68 పాళ్లు చాలును. దాదాపు మూడవవంతు మిగులును. అయితే తలుపుల సందులను, ఇంటికప్పు లోపములను ముందుగా సరిచేయుట వివేకము. కారిపోవు కుండకు ఎంత మంచి నూతినీరైనను నిలువదు గదా!

అమెరికా ప్రభుత్వము 1992 నుండి వాయువుతో మండు క్రొత్తకొలుములకు 78 పాళ్లను, 2015 నుండి 80 పాళ్లను కనీసపు కొలతగా విధించెను. కాని పేదవానికి క్రొత్తకొలిమి కొనుట యెట్లు? ఒక్కమారు వెల పెట్టలేనివాడే, ఏటేట అధికముగ ఇంధనము కాల్చి, అంతకుమించి చెల్లించుచున్నాడు. అట్టివారి యిండ్లను బాగుచేయుటకు 1976లో ఆ దేశమున ఒక సహాయపథకము పుట్టెను. తన పొయ్యిని అందరికిని విడిచిన ఫ్రాంక్లిను కోరినదియు ఇట్టి మేలే యని నా తలంపు.