త్యాగయ్య సన్నిధిలో ఆడవారి గొంతు

మనం గోదావరి ఒడ్డువాళ్లం. అక్కడ తమిళదేశంలో, కావేరి ఒడ్డున తిరువయ్యూరులో, ఏటా పుష్య బహుళ పంచమినాడు మన తెలుగు పాటే వందల గొంతుల్లో మోగుతుంది. వయొలిన్లు, వేణువులు, మృదంగాల నడుమ గాయనీగాయకులంతా త్యాగరాజస్వామి పంచరత్నాలు కలిసి పాడతారు.

స్వామి 1847 జనవరి 6న సిద్ధి పొందారు. పదిరోజుల్లో తీసుకుపోతానని రాముడు కలలో చెబితే, ఆ ఆనందంలో ‘గిరిపై’ కీర్తన పుట్టిందంటారు. అంతటివారి సమాధి తర్వాత పాడుబడిపోయింది.

దాన్ని గుడిగా కట్టించిందెవరో తెలుసా? ఒక స్త్రీ! దేవదాసి కుటుంబంలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మగారు. తన నగలూ ఆస్తీ అమ్మి, 1925లో కుంభాభిషేకం జరిపించారు. చిత్రమేమిటంటే, ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారు. కట్టించిన చెయ్యి పనికొచ్చింది గాని, గొంతు పనికిరాలేదన్నమాట! ఆమె ఊరుకోలేదు. 1927లో స్త్రీలచేత వేరే ఆరాధన మొదలుపెట్టించారు. చివరికి 1940ల మొదట్లో అందరూ ఒక్కటయ్యారు.

1952లో కన్నుమూసిన ఆమె సమాధి స్వామి సన్నిధికి ఎదురుగానే ఉంది.

ఈసారి రేడియోలో ఆ బృందగానం వస్తే, అందులోని ఆడగొంతుల్ని కాస్త శ్రద్ధగా వినండి. ఆ చోటు ఊరికే దక్కింది కాదమ్మా!